కాకినాడ గాలికి తట్టుకునే ఫోటో

ఫోటో ప్రింటరు కొనబోతే ఎన్ని మెగాపిక్సెల్సు, ఎన్ని డీపీఐలు అని ఊదరగొడతారు గానీ, ఈ ఫోటో ఎక్కడికెళ్ళి బతకాలి అని ఎవరూ అడగరు. మా ఇంట్లోంచి వెళ్ళేవన్నీ కాకినాడ వెళతాయి. అమ్మకి ఎనభై దాటాయి. ఫోనులో మనవల ఫోటోలు చూపిస్తే వేలు తగిలి జరిగిపోతుంటాయి. "ఏదే, ఇందాకటి పిల్ల?" అంటుంది. ఆవిడ దృష్టిలో ఫోటో అంటే చేత్తో పట్టుకునేది, పక్కింటావిడకి చూపించి దిండు కింద దాచుకునేది.

అమెరికాలో చాలా ఏళ్ళు మాకు ఆ బెంగ లేదు. కాస్ట్‌కోకి పాలకీ బియ్యానికీ వెళ్ళినప్పుడే ఫోటోలూ తెచ్చుకునేవాళ్ళం. 2021లో వాళ్ళు స్టోర్లలో ఫోటో విభాగాలు ఎత్తేశారు. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే పోస్టులో వచ్చేవి, నిజమే. కానీ ప్రయాణానికి ముందురోజు రాత్రి సూట్‌కేసులు తూకం వేస్తూ గానీ మనకి ఫోటోల సంగతి గుర్తురాదు కదా!

మావారు ఎక్సెల్ షీటు తెరిచారు. వంకాయలు కొనాలన్నా తెరుస్తారు లెండి.

ముందు ఇంక్‌జెట్లు. రంగుల్లో వాటికి వంక పెట్టలేం. మంచి గ్లాసీ కాగితం మీద వేస్తే పట్టుచీర జరీ కూడా తెలుస్తుంది. సీసాతో ఇంకు పోసుకునే ట్యాంకు రకాలొచ్చాక ఖర్చూ తగ్గింది. వారం వారం ఫోటోలు వేసుకునేవాళ్ళు నిశ్చింతగా అదే కొనుక్కోవచ్చు. మేమో, దసరాకొకసారి, పుట్టినరోజుకొకసారి. వాడకపోతే సన్నటి నాజిల్స్‌లో ఇంకు ఎండుతుంది, వాటిని శుభ్రం చెయ్యడానికి మళ్ళీ ఇంకే ఖర్చు. ఇదివరకు మా ఇంట్లో ఉన్నది, కంపెనీ పేరెందుకు గానీ, ఫోటోల కంటే దాని స్నానాలకే ఎక్కువ ఇంకు తాగింది.

పైగా చెమ్మ. పిగ్మెంట్ ఇంకుది ఆయుష్షు ఎక్కువ, డై ఇంకుది మెరుపు ఎక్కువ. కానీ చాలా డై ఇంకులకి తడి పడదు. సముద్రపు గాలి, వానాకాలం, అమ్మ తడిచెయ్యి... అక్కడే నేను ఆగిపోయాను.

చివరికి కొన్నది డై-సబ్లిమేషన్ రకం, కేనన్ సెల్ఫీ. మనం తీసుకునే సెల్ఫీకీ దానికీ చుట్టరికం లేదు. ఇందులో ద్రవరూపంలో ఇంకే ఉండదు. రిబ్బను మీది రంగుని వేడితో కాగితానికి ఎక్కిస్తుంది. కాగితం నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ తిరుగుతుంది: పసుపు, మెజెంటా, సయాన్, ఆఖర్న పారదర్శకమైన పూత. పిల్లలకి అది చూడ్డం పెద్ద వినోదం. నామట్టుకు ఆ ఆఖరి పూతే అసలు సరుకు. తడివేలు తగిలినా రంగు అంటదు. ఆర్నెల్లు అలమరలో పడున్నా ఎండిపోయేదేమీ లేదు. కాగితాలూ రిబ్బనూ కలిసే వస్తాయి, 108 కాగితాల పెట్టెకి 108 ఫోటోలు. ఒక్కోటి సుమారు 35 సెంట్లు పడుతుంది. షాపు కంటే ఎక్కువని మావారు ఆ గడికి ఎర్రరంగు పూశారు. పెద్ద సైజూ వెయ్యదు. సరే, గోడకి పెద్దది కావాలంటే కాకినాడలో స్టూడియో ఉంది.

ఫోను ఫోటో కొలత నాలుగుకి మూడు, ఈ కాగితం మూడుకి రెండు. చూసుకోకుండా నొక్కితే గ్రూపు ఫోటోలో వెనకవరస పొడుగువాళ్ళ తలలు ఎగిరిపోతాయి. తెల్ల అంచు పెట్టుకుంటే గొడవ లేదు. ఇంకోటి, వాడేసిన రిబ్బను వెలుతురుకి పట్టి చూడండి, వేసిన ప్రతి ఫోటో అందులో కనిపిస్తుంది. కత్తిరించి మరీ పారెయ్యాలి.

ఫ్రేము కట్టిస్తే మాత్రం అద్దానికీ ఫోటోకీ మధ్య మౌంటు అట్ట పెట్టించమంటాను. నాన్నగారి పాత ఫోటో ఒకటి చెమ్మకి అద్దానికి అతుక్కుపోయింది. లాగితే ముఖం ఊడివచ్చేలా ఉంది. నాన్నగారు పోయాక, కుర్రతనపు ముఖం మాకు మిగిలింది అందులోనే. అద్దం మీదుగానే ఫోనుతో తీసి, ఈ ప్రింటరులో వేశాం. ఒక మూల ట్యూబులైటు గీత పడింది గానీ, మీసం స్పష్టంగా వచ్చింది.

మొన్న నలభై ఫోటోలు పట్టుకెళ్ళాను. ఒక్కోదాని వెనక పేరూ ఏడాదీ పెద్ద అక్షరాలతో రాశాను. అమ్మ అన్నీ తిప్పి తిప్పి చదువుకుని, నాన్నగారిది పైన పెట్టుకుని, మనవరాలి పేరు ముందు ఇంటిపేరు రాయలేదేమే అని అడిగింది.