వాన తగలని చోటు

చోడవరం,
జనవరి 19, రాత్రి

అమ్మకు,

క్షేమంగా చేరాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో సగం మాటలు మింగేస్తాను, నీకు తెలుసు. నాన్న ఊళ్ళు తిరిగినప్పుడు మనకి రాసినట్టే నేనూ కూచుని రాస్తున్నాను. బాబుకి చదివి వినిపించు. అర్థం కానిచోట ఆపొద్దు, వాడే అడుగుతాడు.

అనకాపల్లిలో దిగేసరికి ఇంకా మంచు విడలేదు. బెల్లం మార్కెట్టుకు పేరుపడ్డ ఊరు కదా, వస్తున్న బళ్ళమీద కూడా బెల్లం దిమ్మలే. అక్కణ్ణుంచి చోడవరం బస్సులో దారంతా చెరకు. కోత నడుస్తోంది. తోటల పక్కనే పొయ్యిమీద పెద్ద పెనంలో రసం మరుగుతుంటే ఆ ఆవిరి రోడ్డు మీదికి వస్తోంది. నువ్వింకా విశాఖ జిల్లా చోడవరం అనే అంటున్నావు కానీ, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీల్చాక ఇది అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ముందు స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి వెళ్ళాను. బాబు పేర కొబ్బరికాయ కొట్టాను.

ట్రైనింగులో నా పక్క మంచం మీద పడుకునే అమ్మాయి గుర్తుందా, మనింటికి వచ్చి ఉలవచారు అడిగి మరీ పోయించుకుంది? దాని ఇంట్లోనే ఉన్నాను. కొండల వైపు ఒక పల్లెలో ప్రైమరీ బడి దానిది. వారానికోసారి పిల్లల్ని కొండ మొదలుకి తీసుకెళ్తుంది. తీసుకెళ్తుంది అనకూడదట. "వాళ్ళే నన్ను తీసుకెళ్తారే" అంటుంది. అది చూడ్డానికే ఇంతదూరం వచ్చాను.

ఎందుకు వచ్చానో నీకు పూర్తిగా చెప్పలేదు. కిందటేడు మా బడిలో ఒకటో తరగతి పిల్లాడు మునగాకు మీద గొంగళిపురుగుని పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఒళ్ళంతా దద్దుర్లొస్తాయని భయంతో ఆకు లాగి కిటికీలోంచి పారేశాను. వాడిచేత సబ్బుతో చేతులు కడిగించాను. వాడు ఏడవలేదు. కానీ ఆ తర్వాత సంవత్సరమంతా వాడు నాకేదీ చూపించలేదమ్మా. చదువులో ముందే ఉన్నాడు, చెప్పింది రాశాడు, అడిగితే జవాబిచ్చాడు. చూపించడం ఒక్కటీ మానేశాడు. అది నన్ను వదలడం లేదు.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం ఇదే మాట్లాడుకున్నాం. అడవిలోనే చదువు చెప్పే పిల్లల బళ్ళు డెన్మార్క్‌లో 1950ల్లో మొదలయ్యాయి. ఎల్లా ఫ్లాటావ్ అనే తల్లి తన పిల్లల్నీ పొరుగు పిల్లల్నీ రోజూ అడవికి తీసుకెళ్ళేదట. 1993లో వాటిని చూసొచ్చి ఇంగ్లండులోని బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ వాళ్ళు తమ ఊళ్ళోనూ మొదలుపెట్టారు. అక్కడ ముఖ్యసూత్రం ఒకటే: ఏం చూడాలో, ఎక్కడ ఆగాలో పిల్లలు తేల్చుకుంటారు. పెద్దవాళ్ళు ప్రమాదం రాకుండా కాపలా ఉంటారు. మన దగ్గర ఠాగూరు 1901లోనే శాంతినికేతన్‌లో చెట్ల కింద బడి పెట్టారు. 1920లో గిజూభాయి భావ్‌నగర్‌లో పసిపిల్లలకోసం బాలమందిరం తెరిచారు. ఆయన పుస్తకమే మన తెలుగులో 'పగటికల'. ట్రైనింగులో దాన్ని పరీక్షకోసం బట్టీపట్టాం. నా స్నేహితురాలు మాత్రం దాన్ని నమ్మింది.

అన్నట్టు, అరుగు పక్కనున్న ఇసక ఎత్తించడానికి ఈ వారమే మనిషిని రమ్మన్నావు కదూ? నేను వచ్చేదాకా ఆగు.

నీ కూతురు


చోడవరం,
జనవరి 21

అమ్మకు,

ఇవాళ కాళ్ళు లాగేస్తున్నాయి. అయినా రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరాం. పిల్లలు పంతొమ్మిది మంది, మేమిద్దరం, బడిలో వంటచేసే ఆవిడ. కోనాం జలాశయం వైపు కొండలు మడతలు మడతలుగా కనిపిస్తాయి. ఆ కొండల మొదట్లో వాగు పక్కన చెట్లు గుబురుగా ఉన్నచోటుకి వెళ్ళాం. రిజర్వు అడవిలోకి పోరు. ఫారెస్టు వాళ్ళకి నా స్నేహితురాలు ముందే చెప్పి ఉంచుతుంది. వాగు ఇవతలి చింతచెట్టు నుంచి అవతలి బండరాయి దాకా పిల్లల ఇష్టం. అది దాటితే ఈల ఊదుతుంది. ఈల వినగానే అందరూ చింతచెట్టు కిందికి రావాలి. ఒకసారి ఉత్తినే ఊది, తలలు లెక్కపెట్టుకుంది. పొదల్లోకి వెళ్ళేముందు కర్రతో నేలమీద కొట్టడం, రాళ్ళ కింద చెయ్యి పెట్టకపోవడం, ఒంటరిగా పోకపోవడం అందరికీ అలవాటే. నీకు రాగల భయాలన్నీ నాకూ వచ్చాయి కనుక ముందు ఇవి రాశాను.

తర్వాత తను చింతమొదట్లో కూచుంది. నన్నూ కూచోమంది. "అడిగితేనే చెప్పు. అడక్కపోతే చెప్పకు" అంది. ఎంత కష్టమో తెలుసా? పదిహేనేళ్ళు పాఠం చెప్పిన నోరు.

రెండో తరగతి పిల్ల ఒకతి నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకు లేపింది. "రండి మేడం, మీకేటీ తెలీదు కదా" అంది. ఎగతాళి కాదు, నిజంగానే జాలిపడింది. ముందు దురదగొండి తీగ చూపించి, "ముట్టుకోకండి, రాత్రంతా గోక్కోవాలి" అని చెప్పింది. తర్వాత అడ్డాకు తీగ. మనం విస్తళ్ళు కుట్టుకునే అడ్డాకే, పెద్ద చెట్టంతా కప్పేసి ఉంది. కాయలు జానెడు పొడవున చెక్కముక్కల్లా వేలాడుతున్నాయి. అవి ఎండి పేలితే చప్పుడు దూరానికి వినిపిస్తుందట. గింజలు కాల్చుకు తింటారట. కింద రెండు దొరికితే ఒకటి నా చేతిలో పెట్టింది, తెస్తున్నాను.

ఒక పిల్లాడు లోటాతో వాగు నీళ్ళు ముంచాడు. పైన గేదెలు దిగడంవల్ల నీళ్ళు బురదగా ఉన్నాయి. జేబులోంచి చిల్లగింజ తీసి లోటా లోపలివైపు గరగరా అరగదీశాడు. ఓ పక్కన పెట్టి మర్చిపోయాడు. గంట తర్వాత చూస్తే పైన తేటనీళ్ళు, అడుగున మట్టి. మా అమ్మమ్మ చేసేదని నువ్వు చెప్పేదానివి, కళ్ళారా చూడడం ఇదే మొదలు. గింజలోని పదార్థం సన్నటి మట్టిని ఒకచోటికి అంటించి బరువెక్కిస్తుంది, అందుకే దిగిపోతుంది. పిల్లాడు అడగలేదు కనుక నేనూ చెప్పలేదు. "ఎంత అరగదీయాలి?" అని మాత్రం అడిగాను. "నీళ్ళు సూసి" అన్నాడు. మంచి వంటమనిషి ఉప్పు గురించి చెప్పే జవాబది.

అసలు విషయం ఇప్పుడు. బండరాయి ఒకవైపు గొడుగులా ముందుకు వంగి ఉంది. దాని కింద మెత్తటి పొడి ఇసకలో గరాటుల్లాంటి చిన్న చిన్న గుంటలు, ఒక్కోటి రూపాయిబిళ్ళంత. ఆరుగురు పిల్లలు బోర్లా పడుకుని చూస్తున్నారు. గుంట అడుగున ఒక పురుగు దాక్కుంటుంది. చీమ గుంటలోకి జారితే పైకి ఎక్కబోతుంది, ఇసక జారుతుంది, పురుగు కిందనుంచి ఇసక విసిరి దాన్ని పడేస్తుంది. ఒకడు చీమను పట్టుకొచ్చి వేయబోయాడు. ఇంకో పిల్ల చెయ్యి పట్టుకుంది, "నిన్ను అలా పడేస్తే?" అని. తగువు పడ్డారు. చివరికి గడ్డిపోచతో ఇసకరేణువు జార్చి చూద్దామనుకున్నారు. జార్చారు. లోపలినుంచి ఇసక చిమ్మింది. ఆరుగురూ ఒకేసారి అరిచారు. ఒకదాన్ని మెల్లిగా తవ్వి అరచేతిలో పెట్టుకుంటే వెనక్కి నడిచింది. ముందుకి నడుస్తుందేమోనని మూడుసార్లు తిప్పి చూశారు. మూడుసార్లూ వెనక్కే.

అప్పుడు ఆ రెండో తరగతి పిల్ల, "వానొస్తే దీనిల్లేటౌతాది?" అంది.

ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్పబోతే నా స్నేహితురాలు మోచెయ్యి పట్టుకుంది. పిల్లలు లేచి వెతకడం మొదలుపెట్టారు. వాగు ఒడ్డున బోలెడు ఇసక, ఒక్క గుంట లేదు. చింతచెట్టు కింద లేదు. మళ్ళీ బండ అవతలివైపు వంగినచోట ఉన్నాయి. పాడుబడిన గుడిసె చూరు కింద ఉన్నాయి, చూరు నీళ్ళు పడే గీత దాటి ఒక్కటీ లేదు. ఒకడు ఆ గీత వెంబడి వేలు పెట్టి నడిచాడు. "వాన తగలని కాడే కడతాదే!" అని వాడే అరిచాడు. ఇంతా చేసి నలభై నిమిషాలు పట్టింది. పాఠ్యపుస్తకంలో ఉంటే నేను అర నిమిషంలో చదివించి పక్క పేజీకి వెళ్ళేదాన్ని. అలా చదివినవాడికి పురుగు తెలుస్తుంది. ఈ పిల్లలకి ఒక సంగతి ఎలా తెలుసుకోవాలో కూడా తెలిసింది. ఆ పురుగు తెచ్చిన చుట్టరికం చూడు: ఇప్పుడు ప్రతి చూరు కిందా వంగి చూస్తున్నారు.

తిరిగివచ్చేటప్పుడు రేగుపళ్ళు కోసిపెట్టారు. నీకని దాచాను.


పాడేరు,
జనవరి 24

అమ్మకు,

నిన్న మాడుగుల మీదుగా ఇక్కడికి వచ్చాం. మాడుగుల హల్వా అరకిలో కొన్నాను, గోధుమపాలతో చేస్తారు, నీకు పన్నుకి ఇబ్బంది ఉండదు. ఘాటురోడ్డు ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయాయి. వంట్లమామిడి దగ్గర చెట్ల నీడన కాఫీతోటలు, ఆ చెట్లమీదికి పాకిన మిరియపు తీగలు. కాఫీపళ్ళు కోసే రోజులివి. ఇప్పుడు పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకి ముఖ్యపట్టణం. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

నా స్నేహితురాలి బంధువు ఇక్కడ టీచరు. ఆయన వెంట ఒక కొండపల్లెకి వెళ్ళాం. దారి చూపడానికి నాలుగో తరగతి కుర్రాడు వచ్చాడు. ఆ దారిలో ఏ దుంప ఎప్పుడు తవ్వాలో, ఏ ఆకు కూరకి పనికొస్తుందో, ఉడుమూ ఉడతా ఏ చెట్టుకి వస్తాయో చెప్తూనే ఉన్నాడు. జీలుగు చెట్టు చూపించి కల్లు ఎప్పుడు తీస్తారో చెప్పాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను, ఇరవై దాటాక వదిలేశాను. బడి దగ్గరికి రాగానే వాడు మాట్లాడడం మానేశాడమ్మా. తలుపు దగ్గర చెప్పులు విడిచినట్టు ఆ తెలివంతా బయటే విడిచాడు. లోపల వాడు లెక్కల్లో వెనకబడ్డ పిల్లాడు, అంతే.

నాకు ఇక్కడే దుఃఖం వచ్చింది. చోడవరం దగ్గర మా స్నేహితురాలు పిల్లల్ని అడవి దగ్గరికి చేర్చడానికి తంటాలు పడుతోంది. ఇక్కడ అడవి పిల్లల్లోనే ఉంది, మనం దాన్ని గుమ్మంలో ఆపేస్తున్నాం.

ఇది కొత్త తగువు కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు కొట్టకూడదు, కట్టె తేకూడదు అని ఈ మన్యం వాళ్ళ కాళ్ళకి బంధం వేశారు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చెయ్యడం వెనక ఆ ఉక్రోషం ఉంది. అడవిమీద ఇక్కడివాళ్ళ హక్కుని చట్టం ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది. చెట్టూ నేలా సంగతి అలా కాగితం మీదికి వచ్చింది. పిల్లల బుర్రలో ఉన్న అడవిని ఏ కాగితం గుర్తిస్తుంది?

గుర్తించినవాళ్ళు లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉండగా సవర పిల్లలకి చదువు చెప్పాలనుకుని, ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు, బడి పెట్టారు. గురువే ముందు శిష్యుడయ్యాడు. మనం ఆయన్ని వాడుకభాష పంతులుగా తలుచుకుంటాం. నాకు మాత్రం ఈ పనే అంతకంటే పెద్దదనిపిస్తుంది. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర వంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్నతరగతుల చదువు మొదలుపెట్టినప్పుడు, ఆ దారినే మళ్ళీ వెతుక్కున్నట్టయింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులవాళ్ళకి పదిరోజులు సంచి లేని చదువు ఉండాలంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ లోయలో పిల్లలు పిట్టల్ని చూస్తూ పెరుగుతారు, ఆ లోయని పక్షుల సంరక్షణ కేంద్రంగా 1991లో ప్రకటించారు. అక్కడి పిల్లలకి అలవాటైన ఆ చూపు ఈ కొండపిల్లలకి పుట్టుకతో వచ్చింది. దానికి ఒక మార్కు వెయ్యడం మనకెందుకు చేతకాదు?

సాయంత్రం ఆ టీచరుగారిని ఇదే అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, సోమవారం మొదటి పీరియడు ఆ కుర్రాడిచేతే చెప్పిస్తానన్నారు. దుంపల గురించి, వాడి భాషలో, బయట చెట్టు కింద. ఆయనకి రాని మాటలు పిల్లలే తెలుగు చేస్తారట. లెక్కలు కూడా అక్కణ్ణుంచే ఎత్తుకుంటారట: ఎన్ని దుంపలు, ఎన్ని ఇళ్ళకి. ఉండి చూడాలని ఉంది కానీ సెలవు అయిపోయింది. ఎలా జరిగిందో రాయమని అడ్రసు ఇచ్చి వస్తున్నాను.

ఎల్లుండి రాత్రి బండికి బయల్దేరతాను. ఆ ఇసక ఎత్తించొద్దు. మన అరుగు పైకప్పు ఒకవైపు ముందుకి ఉంది కదా, దాని కింద గోడవారగా వాన పడదు. అక్కడికి రెండు గంపల ఇసక మెత్తగా జల్లించి పోయించు. ఆ పురుగులు వస్తే వస్తాయి, రాకపోతే పెరట్లో పాత కొట్టం చూరు కింద తప్పక ఉంటాయి, నా చిన్నప్పుడు చూసిన గుర్తు. బాబుని ఆ వైపు ఆడుకోనీ. మోకాళ్ళు దుమ్ము అయితే నేనొచ్చి తోముతాను. వాడు గుంటలు చూసి నిన్ను పిలిస్తే, నడుం నొప్పి అనకుండా ఒక్కసారి వెళ్ళి వాడి పక్కన కూచో. ఆ పురుగుకి పెద్దయ్యాక తూనీగలాంటి రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. ఇది నీకు మాత్రమే చెప్తున్నాను, ఈ పేరా వాడికి చదవకు.

నీ కూతురు