తిథి చూసి సముద్రస్నానం

జాంజిబార్ దీవి తూర్పు తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు వెళ్ళిపోయి, రెండుసార్లు తిరిగొస్తుంది. ఆటుపోట్లు మన విశాఖలోనూ ఉంటాయి గానీ, నాలుగడుగులు వెనక్కి జరిగి కూర్చుంటే సరిపోతుంది. ఇక్కడ తీరం బల్లపరుపు. పెద్ద పోటుకూ పెద్ద ఆటుకూ నీటిమట్టంలో సుమారు నాలుగు మీటర్ల తేడా. ఆటు వేళ అలలు ఎక్కడో పగడపు దిబ్బ మీద తెల్లటి గీతలా మిగులుతాయి. దానికీ ఒడ్డుకూ మధ్య ఉన్నదంతా తడి ఇసుక, మడుగులు, నాచు.

పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక మేమిద్దరమే చేసిన పెద్ద ప్రయాణం ఇది. దారెస్సలాం నుంచి ఫెర్రీలో స్టోన్ టౌన్, అక్కణ్ణుంచి టాక్సీలో దీవికి అడ్డంగా జాంబియాని అనే పల్లె. పుష్య పౌర్ణమి వెళ్ళిన మర్నాడు దిగాం. మావారు ఏ ఊరెళ్ళినా గంటలవారీ పట్టిక రాసుకుంటారు. ఆ పట్టికలో పొద్దున పదింటికి ఈత అని ఉంది. పదింటికి చూస్తే చీలమండ దాటి నీళ్ళు లేవు.

గెస్ట్‌హౌస్ నడిపే ఆవిడ నవ్వింది. "ఈ వారం పొద్దున సముద్రం మా ఆడవాళ్ళది. సాయంత్రం నాలుగింటికి మీది" అంది.

ఆవిడ చెప్పినట్టే, నీళ్ళు దిగిన మేర రంగురంగుల కంగా బట్టలు చుట్టుకున్న ఆడవాళ్ళు కనిపించారు. ఇసుకలో చిన్న కర్రలు పాతి, మధ్య తాళ్ళు లాగి, వాటికి నాచు ముక్కలు ముడివేస్తున్నారు. 1980ల చివర్లో మొదలైన సాగు ఇది. ఆరేడు వారాలకు పంట కోతకొస్తుంది. ఎండబెట్టి విదేశాలకు పంపితే దాన్నుంచి తీసే జిగురు టూత్‌పేస్టునీ ఐస్‌క్రీమునీ చిక్కబరుస్తుంది. మంచి ధర పలికే రకం సముద్రం వేడెక్కేకొద్దీ చచ్చిపోతోంది. తట్టుకుని బతికే రకానికి ధర తక్కువ. అందుకని కొందరు లోతు నీళ్ళలో సాగుకు ప్రయత్నిస్తున్నారు, కొందరు నాచుతో సబ్బులు చేసి అమ్ముతున్నారు. ఒడ్డున పడక్కుర్చీలో కాళ్ళు చాపుకున్న నాకు, కూర్చున్నది ఎవరి పొలం గట్టు మీదో అనిపించింది.

ఒడ్డుకు దగ్గర్లో రాళ్ళు పేర్చిన గుంతలున్నాయి. మావారిది అమలాపురం దగ్గర ఊరు. వాసన తగలగానే "డొక్కలు నానేశారే!" అన్నారు. ఇక్కడా కొబ్బరి డొక్కల్ని ఇసుకలో పాతి, నెలల తరబడి ఉప్పునీటికి వదిలేసి, తర్వాత బాది పీచు తీస్తారు. ఆ పీచుతో తాడు పేనే ముసలమ్మ పక్కన మావారు చాలాసేపు కూర్చున్నారు. ఆయనకు స్వాహిలీ రాదు, ఆవిడకు తెలుగు రాదు. తాడు బిగువు చూసి ఆయన తలాడించారు, ఆవిడ ఇంకో పోచ అందించింది. ఆ పూట పట్టిక ఫోనులోనే ఉండిపోయింది.

తర్వాత మా రోజు నీటిని బట్టి నడిచింది. ఆటు వేళ పాత బూట్లు వేసుకుని మడుగుల మీదుగా నడక. సముద్రపు ముళ్ళకాయలు పాదంలో దిగితే సెలవంతా కుంటాలి కాబట్టి బూట్లు తప్పవు. మధ్యాహ్నం తాటాకు కప్పుకు బదులు కొబ్బరాకు కప్పిన పాక కింద భోజనం: ఆయనకు ఆక్టోపస్ కూర, నాకు కొబ్బరిపాలలో ఉడికించిన కందులు, కొబ్బరి అన్నం. కందుల్ని పప్పు చేయకుండా గింజలుగానే ఇంత కమ్మగా వండొచ్చని నాకు తట్టనే లేదు. ఆ తర్వాత నిద్ర. నాలుగింటికి గడప దాకా వచ్చేసిన నీలిపచ్చ నీళ్ళలో చీకటి పడేదాకా ఈత.

ఒక సాయంత్రం న్గలావా ఎక్కాం. మామిడి మాను తొలిచి, ఒరగకుండా రెండు పక్కలా తేలే కొయ్యలు కట్టి, ముక్కోణపు తెరచాప ఎత్తిన పడవ. మోటారు లేదు, మాట్లాడుకోవడానికి గొంతు పెంచక్కర్లేదు. డిసెంబరు నుంచి మార్చి దాకా వీచే ఈశాన్యపు గాలిని వీళ్ళు కస్కాజీ అంటారు. గుజరాత్, అరేబియా వర్తకులు శతాబ్దాలపాటు ఈ గాలి మీదే ఇక్కడికొచ్చి, నైరుతి గాలి తిరిగాక వెనక్కి వెళ్ళేవారు. గాలి మారేదాకా ఆగడమే వాళ్ళ ప్రయాణంలో సగం.

ఆ వర్తకంలో లవంగాలు, ఏనుగు దంతాలే కాదు, మనుషులూ సరుకే. తిరుగు దారిలో స్టోన్ టౌన్‌లో ఆగితే ఇత్తడి గుబ్బల తలుపులు చూసి ఊరుకోకండి. 1873లో మూతపడ్డ బానిసల సంత స్థలంలో కట్టిన చర్చి ఉంది, దానికీ వెళ్ళండి. అక్కణ్ణుంచి బయటికొచ్చాక మేమిద్దరం చాలాసేపు లవంగాల బేరం మాట ఎత్తలేదు.

వెళ్ళాలనుకునే జంటలకు రెండు మాటలు. పల్లెలో తిరిగేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పుకోండి, అది ముస్లిం ఊరు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, ఆ నెలలు వదిలేయండి. టికెట్లు కొనే ముందు విమానాల వేళలతో పాటు పంచాంగం కూడా చూడండి. పౌర్ణమి, అమావాస్యలు దాటిన రోజుల్లో ఆటు పెద్దది. పొద్దున దిబ్బ వైపు దూరంగా నడవొచ్చు, నాచు పని చూడొచ్చు. పోటు రోజుకు ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతూ అష్టమి నాటికి పొద్దుటి పూటకు జరుగుతుంది, ఎగుడుదిగుళ్ళూ తగ్గుతాయి. ఈత కోసమే వెళ్ళేవాళ్ళకు అదే మంచి ముహూర్తం. హోటళ్ళ ప్రకటనల్లో ఈ సంగతి దొరకదు. వాటిలోని ఫొటోలన్నీ పోటు వేళ తీసినవే.