టస్కీగీలో ఒక బడి తోట

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, మాంట్‌గోమరీ నగరానికి తూర్పున సుమారు 40 మైళ్ళ దూరంలో టస్కీగీ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయ ఆవరణలో ప్రక్క ప్రక్కనే రెండు సమాధులున్నాయి. ఒకటి ఆ విద్యాలయాన్ని నిలబెట్టిన బూకర్ టి. వాషింగ్టన్‌ది, రెండవది జార్జ్ వాషింగ్టన్ కార్వర్‌ది. ఇద్దరూ బానిసత్వంలో పుట్టినవారే.

1881 జూలై 4న ఈ బడి మొదలైనప్పుడు దానికి సొంత స్థలం లేదు. నల్లజాతివారి చర్చి ఒకటి, దాని ప్రక్కన కూలిపోనున్న పాక, 30 మంది విద్యార్థులు, అంతే. కొద్ది నెలలకు వాషింగ్టన్ గారు అప్పు చేసి, 500 డాలర్ల ధరకు ఒక పాత తోట భూమిని బేరమాడారు. యజమాని భవనం ఎప్పుడో కాలిపోయింది. మిగిలిన గుఱ్ఱపుశాలను, కోళ్ళగూడును శుభ్రం చేసి వాటిలోనే పాఠాలు చెప్పుకొన్నారు.

భోజనానికి పంట కావాలి. తరగతులయ్యాక పొదలు నరికి నేల బాగుచేద్దామంటే విద్యార్థులకు రుచించలేదు. చదువుకీ మట్టిపనికీ ఏమి సంబంధమన్నారు. మా పిల్లలకు పుస్తకాలు చాలు, పని వద్దని తల్లిదండ్రులు కూడా అన్నారు. తాతముత్తాతలు కొరడా దెబ్బల క్రింద దున్నిన నేల అది. వారి అభ్యంతరంలో నొప్పి ఉంది. వాషింగ్టన్ గారు వాదించలేదు. ప్రతి మధ్యాహ్నం తానే గొడ్డలి భుజాన వేసుకొని ముందు నడిచారు. పిల్లలు మెల్లగా వెంట వచ్చారు. సుమారు 20 ఎకరాలు సాగులోకి వచ్చింది.

1896లో కార్వర్ గారు వ్యవసాయ శాఖకు వచ్చేసరికి, ఏటేటా ప్రత్తి వేయడంవల్ల ఆ ప్రాంతపు నేల సారం కోల్పోయి ఉంది. ఎరువు కొనలేని పేదలకు ఆయన రాలిన ఆకులు, బురదమట్టి కుళ్ళబెట్టి వాడడం నేర్పారు. అలసందలు వేస్తే వాటి వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయని చూపించారు. 1910లో పల్లె బడుల్లో ప్రకృతి పాఠాలు, తోటపని నేర్పించడం గురించి ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. 1917లో అడవి ప్లమ్ పండ్లు వృథా కాకుండా వాడుకొనే 43 పద్ధతులు వ్రాశారు. విద్యార్థులకు ఆదివారాల్లో బైబిలు తరగతి కూడా నడిపారు.

ప్రియ పాఠకులారా, మన సంఘాల బడుల్లో, హాస్టళ్ళలో చదివే పిల్లల్లో ఎందరో కూలి కుటుంబాలవారు. పరాయి పొలంలో వంగిన నడుములు, పిల్లలనైనా వంగనివ్వకూడదనే బడికి పంపుతాయి. 2019లో కేంద్ర ప్రభుత్వం కూడా బడుల్లో పోషకాహార తోటలు పెంచమని మార్గదర్శకాలిచ్చింది. మంచిదే. అయితే పార ముందుగా ఉపాధ్యాయుని చేతిలో ఉండాలి. తోటపని ఎవరికీ శిక్ష కారాదు. పండిన గోంగూర, వంకాయ, బొప్పాయి పిల్లల కంచాల్లోకే రావాలి. చేతులు కడిగిన నీళ్ళు అరటి పాదుకు మళ్ళించవచ్చు. వేసవి సెలవుల్లో నీళ్ళు పోసేదెవరో విత్తక మునుపే నిర్ణయించుకోవాలి. ఆ వంతు సంఘ యౌవనస్థులు తీసుకొంటే ఎంత బాగుంటుంది!

దేవుడు మొదటి మానవునికి అప్పగించిన పని తోటపనే. అప్పటికింకా శాపం రాలేదు. ఈ సంగతి మన పిల్లలకు మట్టిలో నిలబడే చెబుదాం.