పెంటపోగు పాఠం

‘పెంట’ అన్న మాట మా ఇంట్లో తిట్టుకిందే చెల్లుబాటు. దానికీ పాఠాలుంటాయని మొన్న మా ఊరు వెళ్లినప్పుడు తెలిసింది.

ఊరి చివర నమూనా తోట. మా చేను కౌలుకు చేస్తున్న రైతమ్మే అక్కడ గురువుగారు! ఎండుటాకు ఒక వరస, పచ్చిరొట్ట ఒక వరస, పైన పేడనీళ్లు. గుప్పెడు తీసి పిండితే చెయ్యి తడవాలిగాని నీరు కారకూడదట. కుప్పలో గుచ్చిన ఇనపచువ్వ తీసి నా చేతికిచ్చింది. చురుక్కుమంది! అప్పుడప్పుడూ తిరగేస్తూ, తడుపుతూ ఉంటే సుమారు మూడు నెలల్లో కమ్మని మట్టివాసన వేసే ఎరువు తయారు. 1924 నుంచి 1931 దాకా ఇండోరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్ దొరగారు అక్కడ రూపొందించిన పద్ధతీ ఇంచుమించు ఇదేనండీ.

“మరి మన చేనుకూ వేశావా, అమ్మా?” అన్నాను.

“వేస్తే నేల తేరుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, బాబుగారూ. మన కౌలు ఏడాదికేగా! ఆ పైన ఆ చేను ఎవరి చేతికి పోతుందో?”

నేను మాట్లాడలేదు. మా ఆవిడ మాట్లాడింది. ఇంటికి రాగానే కాగితం, కలం నా ముందు పెట్టి, “అయిదేళ్లకు రాయండి” అంది.

రాశాను. కౌలు పెంచే ఊసు మాత్రం ఎత్తనివ్వలేదు.