కనుపాప

మాది కమలాపురం. పాపాఘ్ని ఏటి పక్కన మాదిగపల్లె. మా నాయన నాపరాయి గనుల్లో బండలు మోసినాడు. నేను డాక్టరు చదువుకు పోయినాను. తలకాయ ఆపరేషన్ల వార్డులో హౌస్ సర్జన్‌గా పడిన పాట్లు ఇప్పుడు రాస్తున్నానంటే, రేపు ఆ వార్డుకు పోయే మన పిల్లల కోసమే.

కత్తి పట్టుకోనిస్తారని పోవద్దు. మీ చేతికిచ్చేది టార్చిలైటు. గంటగంటకూ ప్రతి మంచం దగ్గరికీ పోయి కనుపాపల్లో వెలుతురు కొట్టి చూడాల. రెండూ సమంగా చిన్నవైతే సరే. కళ్లు తెరుస్తాడా, మాట్లాడతాడా, చెప్తే చెయ్యి ఎత్తుతాడా అని చూసి మార్కులు వెయ్యాల. 1974లో గ్లాస్గో డాక్టర్లు టీస్‌డేల్, జెన్నెట్ పెట్టిన లెక్క అది. బాగున్నోడికి 15. దేనికీ పలకనోడికి కూడా 3. ఆ లెక్కలో సున్నా లేదు. సున్నా మాకు మాత్రమే వేసేవాళ్లు.

తెల్లవారుజామున రక్తం తియ్యాల. స్ట్రెచర్ స్కానింగుకు తొయ్యాల. బ్లడ్ బ్యాంకుకు ఉరకాల. రౌండ్స్‌కు పెద్ద డాక్టరు వచ్చేసరికి అందరి లెక్కలూ నోటికి రావాల. డ్యూటీ ఎక్కితే మర్నాడు సాయంత్రం దాకా దిగేది లేదు. ఒళ్లు అలవాటు పడుతుంది. మనసే పడదు.

మొదటిరోజు పీజీ నా పేరు అడగలేదు, ర్యాంకు అడిగినాడు. చెప్తే, "ఓ, కోటానా" అన్నాడు. ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను, ఎవరినీ ఏమీ అడగగూడదని. వాళ్ల పిల్లోడు తప్పు చేస్తే వాడొక్కడి తప్పు. నేను చేస్తే రిజర్వేషన్ తప్పు, మా పల్లె మొత్తం తప్పు.

ఒకరాత్రి మోటారుసైకిలు మీంచి పడిన మనిషి వచ్చినాడు. మగతగా ఉన్నా ఊరి పేరు చెప్పినాడు. 14 వేసినాను. నడిరేయి దాటినాక చూస్తే 12. ఒక కనుపాప రెండోదానికంటే పెద్దదిగా కనిపించింది. నిజమా, నా కళ్ల నిద్రా? పీజీని లేపితే "ఈమాత్రం తెలీదా" అంటాడు. టార్చి ఆర్పుతా వెలిగిస్తా అక్కడే నిలబడినాను.

వార్డు ఊడ్చే పెద్దమ్మ చీపురు ఆపింది. "నాయనా, ఇందాక నన్ను నీళ్లడిగినోడు ఇప్పుడు గురక పెడతాండాడు. అది నిద్ర గాదు. పో, పిలుచుకోని రా."

ఉరికినాను. పీజీ తిట్టుకుంటా వచ్చి, కళ్లు చూసి, నోరు మూసినాడు. మానిటాల్ పెట్టినాం. స్కానింగులో పుర్రె ఎముకకూ మెదడు పొరకూ మధ్య రక్తం గడ్డ. తెల్లారేలోగా ఎముక తెరిచి తీసేసినారు. ఆ మనిషి బతికినాడు, నడిచి ఇంటికి పోయినాడు.

కేసుషీటులో పెద్దమ్మ పేరు లేదు. నేను నిలబడిపోయిన ఆ ఇరవై నిమిషాలూ లేవు. ఆ మనిషి చచ్చిపోయింటే ఎవరి లెక్కలో వేసేవాళ్లు?

ఎన్నో ఏళ్లకు, ఢిల్లీ ఎయిమ్స్‌లో మన విద్యార్థుల మీద వివక్ష గురించి 2007లో తోరట్ కమిటీ నివేదిక ఇచ్చిందని చదివినాను. నా ఒక్కడి కథ కాదని అప్పుడు తెలిసింది.

పిల్లలారా, అవమానం మనకు కొత్త గాదు, తట్టుకుంటాం. దానికి భయపడి నోరు కట్టేసుకుంటే పోయేది మంచం మీదోడి ప్రాణం. తెలీకపోతే తెలీదనండి. అనుమానమొస్తే లేపండి.

నా దగ్గరికొచ్చే హౌస్ సర్జన్లకు మొదటిరోజు నేను ర్యాంకు అడగను. పేరడుగుతాను. రాత్రి ఎన్నిసార్లు పిలిచినా తిట్టనని చెప్తాను.