ఎర్రమట్టి దిబ్బల్లో కాసేపు

వైజాగ్ దగ్గర భీమిలి రోడ్డు మీద బస్సు దిగి ఎర్రమట్టి దిబ్బల్లోకి నడుస్తున్నా.
ముందు ఓ కుటుంబం. పిల్లాడు గోడలా నిలబడ్డ మట్టిని వేలితో గీకాడు. జలజలా రాలింది.
"ఒరేయ్, ముట్టుకోకు! వేల ఏళ్ల నాటిదిరా అది" అని తాత కసిరాడు.

నిజమే. గాలీ సముద్రమూ కలిసి వేల ఏళ్లు పేర్చిన ఇసుక. అందులోని ఇనుము తుప్పెక్కి ఇంత ఎరుపొచ్చింది. వానలే వాగులై కోసి ఈ సందులన్నీ చేశాయి.

వైజాగ్ అంటే మనకి ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్, మురీ మిక్చర్.
(మిక్చర్ మీద నాకేం కోపం లేదు. సాయంత్రం నిమ్మకాయ గట్టిగా పిండించుకుని మరీ తిన్నా.)
ఈ దిబ్బల దాకా వచ్చేవాళ్లలోనూ సగంమంది సెల్ఫీ దిగి వెళ్లిపోతున్నారు. ఆ తాత లాంటివాళ్లు ఎంతమంది?

మీరు చిన్నప్పుడు చూసిన దిబ్బలకీ ఇప్పటికీ తేడా ఉందా?
పాత ఫొటోలుంటే పెట్టండి, చూడాలనుంది.