ఏ సముద్ర తీరమునకు వెళ్ళుదము?

పిల్లల సెలవులు దగ్గరపడిన కొలది మా సంఘములోని తల్లిదండ్రులు మమ్మును అడిగే మాట ఒకటి ఉన్నది. "అయ్యగారూ, పిల్లలకు ఒక్కసారన్నా సముద్రం చూపియ్యాలె. యాడికి పోతే మంచిగుంటది?" మేము సేవ చేయుచున్నది కృష్ణానది ఒడ్డున, బీచుపల్లి ప్రాంతములో. ఊరి పేరులో 'బీచు' ఉన్నది గాని, అసలు సముద్రపు బీచికి పోవలెనంటే మాకు ఎటు చూచినా సుమారు నాలుగువందల కిలోమీటర్లు. పట్టణముల వారు ఈ ఏడు ఒకచోటికి, వచ్చే ఏడు మరొకచోటికి పోగలరు. వేరుశనగ అమ్మిన డబ్బులోనుండి, పత్తి ఏరిన కూలిలోనుండి కూడబెట్టుకొని పోయే కుటుంబము జీవితములో ఒక్కసారే పోవచ్చును. కాబట్టి ఈ ప్రశ్నను మేము ఎన్నడును తేలికగా తీసుకొనలేదు.

మేము వారికి చెప్పే జవాబు ఇది. పేరు విని చోటు ఎంచుకొనవద్దు. మీ ఇంటిలో అందరికంటె చిన్నబిడ్డ ఎవరు, అందరికంటె పెద్దావిడ ఎవరు అని చూడండి. ఆ ఇద్దరు నీటి దగ్గర నిర్భయముగా కూర్చొనగలిగిన ఒడ్డే మీకు మంచి ఒడ్డు. మిగతా వారందరు ఎక్కడైనా సంతోషిస్తారు.

ఇంత గట్టిగా చెప్పుటకు కారణము లేకపోలేదు. మనము ఏటి ఒడ్డు వారము. మన పిల్లలు పుట్టిలో ఎక్కి దిగి పెరిగినవారు, పది పన్నెండేండ్లకే ఈత నేర్చినవారు. "మాకు నీళ్ళు కొత్తా?" అనే ధైర్యము మనకు పుట్టుకతోనే వచ్చును. ఆ ధైర్యమే సముద్రము దగ్గర ప్రమాదము. ఏటిలో నీరు ఒకే దిక్కుకు పోవును. ఏటవాలుగా ఈదితే ఎక్కడో ఒకచోట గట్టు దొరుకును. మడుగు ఎక్కడ, బండ ఎక్కడ, సుడి ఎక్కడ అన్నది ఊరివారికి తెలిసియుండును. సముద్రములో ఉదయము మోకాలి లోతు ఉన్నచోట మధ్యాహ్నమునకు ఛాతీ వరకు రావచ్చును. ఆటుకు, పోటుకు మధ్య ఆరుగంటలే. అమావాస్య, పౌర్ణమి దినములలో ఆ తేడా ఇంకను ఎక్కువ.

మూడేండ్ల క్రిందట మా సంఘములోని మూడు కుటుంబములము కలిసి ఒక తుఫాన్ బండి మాట్లాడుకొని బాపట్ల దగ్గరి సూర్యలంకకు పోయాము. (తుఫానులో సముద్రానికి పోతున్నామని డ్రైవరు దారి పొడుగునా నవ్వించుచు వచ్చినాడు.) మాతో వచ్చిన యౌవనస్థుడొకడు వర్షాకాలపు కృష్ణను ఈదినవాడు. అలలు లేని ఒక పాయ చూచి, అక్కడ నీళ్ళు నిమ్మళముగా ఉన్నవని చొక్కా విప్పుచుండగా, వల బాగుచేసుకొనుచున్న ముసలి మత్స్యకారుడొకడు కేకవేసినాడు. "అక్కడ అల విరగట్లేదు చూశారా బాబూ? ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ ఎనక్కి పోయే దారి అదే!" మేమందరము నిలిచి చూచాము. నిజమే, ఇరుప్రక్కల నురగ ఒడ్డుకు వచ్చుచున్నది, ఆ పాయలో మాత్రము నురగ లోపలికి పోవుచున్నది. ఏటివానికి నెమ్మదిగా కనబడే నీరే సముద్రములో లాగుకొనిపోయే నీరు.

ఆ పెద్దాయన చెప్పినదియు, ఈ విషయము తెలిసినవారందరు చెప్పునదియు ఒక్కటే. అట్టి నీటిలో చిక్కినవాడు ఒడ్డువైపునకు ఎదురీదరాదు. ఎదురీదినవాడు అలసిపోవును, అలసినవాడే మునుగును. వెల్లకిల తేలి ఊపిరి నిలుపుకొని, ఒడ్డుకు సమాంతరముగా ప్రక్కకు జరిగితే, ఆ పాయ సన్నముగానే ఉండును గనుక దాని బయటపడి, అలలతో కూడ ఒడ్డుకు రావచ్చును. ఒడ్డున ఉన్నవారు అతని వెనుక దూకరాదు. ఒకరిని తీయబోయి ఇద్దరు పోయిన ఇండ్లు ఉన్నవి. త్రాడో, ఖాళీ నీళ్ళ డబ్బావో, చీరయో విసరండి. గజ ఈతగాళ్ళను, మత్స్యకారులను కేకవేయండి. ఈ నాలుగు మాటలు బయలుదేరుటకు ముందే ఇంటిలో పిల్లలకు చెప్పుకొనవలెను. ఒడ్డు చూచిన తరువాత ఎవరును వినరు.

ఇక చోట్ల సంగతి. అందరి నోట వచ్చే పేరు విశాఖపట్నము. అందమైన ఊరే. రుషికొండ తీరమునకు 2020లో పరిశుభ్రతకు ఇచ్చే నీలిజెండా గుర్తింపు వచ్చినది. 2025లో శుభ్రత లేదని కొన్నాళ్ళు తీసివేసి మరల ఇచ్చినారు. రామకృష్ణా బీచి ఒడ్డున 2002 నుండి కురుసుర అనే జలాంతర్గామిని ప్రదర్శనశాలగా ఉంచారు. పిల్లలు దాని లోపలికి దిగి చూచుట మరువరు. అయితే మన ప్రాంతమునుండి ఏడువందల కిలోమీటర్ల పైమాటే. పోను రాను ప్రయాణమే రెండు దినములు మింగును. రామకృష్ణా బీచి నడుచుటకు, కూర్చొనుటకు మంచిదే గాని స్నానమునకు కాదు. అక్కడ అలలు బలముగా లాగును, ఏటేట ప్రాణములు పోవుచున్నవి. కాలేజీ చదువుకొను పిల్లలున్న ఇంటికి విశాఖ తగును. మూడేండ్ల బిడ్డ, మోకాళ్ళ నొప్పుల అవ్వ ఉన్న ఇంటికి మేము చెప్పము.

బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరములోని సూర్యలంక, చీరాల ప్రక్కన ఉన్న ఓడరేవు మనకు అందుబాటులోనివి. కర్నూలు, నంద్యాల, గుంటూరు మీదుగా రాత్రి బయలుదేరితే తెల్లవారేసరికి చేరవచ్చును. సూర్యలంకలో ఇసుక విశాలము, ఒడ్డు ఒక్కసారిగా లోతు కాదు. మా వెంట వచ్చిన డెబ్బదియేండ్ల అవ్వ అల వచ్చి ఆగిపోయే చోట చీర కుచ్చిళ్ళు పట్టుకొని రెండు గంటలు కూర్చున్నది. లెమ్మంటే లేవలేదు. ఒక్క హెచ్చరిక. ఆ ప్రాంతములో వరుసగా మరణములు సంభవించినందున 2024 జూన్ నెలలో కొన్నాళ్ళు బాపట్ల జిల్లా తీరములలోనికి సందర్శకులను రానివ్వలేదు. కాబట్టి బండికి బయానా ఇచ్చుటకు ముందే అక్కడ తెలిసినవారికి ఫోను చేసి, ఒడ్డు తెరచియున్నదా, ఈతగాళ్ళు ఉన్నారా అని అడుగండి.

మచిలీపట్నము దగ్గరి మంగినపూడిని కొందరు ఇసుక లేదని, నల్లమట్టి అని చిన్నచూపు చూతురు. ఫోటోలకు అంత బాగుండదు, ఒప్పుకొందుము. కాని చాలాదూరము వరకు లోతు తక్కువ, అలలు చిన్నవి. చిన్నపిల్లలున్న కుటుంబమునకు ఇట్టి ఒడ్డే మేలు. బట్టలకు మట్టి అంటును, అంతే గదా! ఇక్కడను మోకాలి లోతు దాటనియ్యవద్దు. 2004 డిసెంబరు 26న, పౌర్ణమి ఆదివారపు ఉదయము, మన కోస్తాలో నూరుమందికి పైగా సునామీకి బలియైనారు. సముద్రము ఉన్నట్టుండి చాలాదూరము వెనుకకు పోయి నేల బయటపడితే, చేపలు, గవ్వలు ఏరుకొనుటకు పోక, బిడ్డలను ఎత్తుకొని ఎత్తైన చోటికి పరుగెత్తవలెను.

మా ఇంటిలో పిల్లలు మాత్రము హంసలదీవి అనిరి. మన బీచుపల్లి వంతెన క్రిందనుండి పోయిన నీరు శ్రీశైలము, నాగార్జునసాగరు, విజయవాడ బ్యారేజీ దాటి దివిసీమలో పాయలై, ఒక పాయ హంసలదీవి దగ్గర సముద్రములో కలియును. మన నది ఎక్కడ ముగియునో చూచుట చక్కని సంగతే. అక్కడ స్నానము చేయనియ్యకండి. నది తోయునది ఒక దిక్కు, సముద్రము లాగునది ఒక దిక్కు. దూరమునుండి చూచి రండి. 1977 నవంబరు 19న ఆ సీమ మీదికి ఉప్పెన వచ్చి దాదాపు 10,000 మందిని తీసికొనిపోయినది. ఆ సంగతిని అక్కడి పెద్దలను అడిగి పిల్లలకు చెప్పించండి. వారు చెప్పుదురు.

కాలము గూర్చి. వేసవి సెలవులని మే నెలలో అందరు పోవుదురు. పదిగంటలకే ఇసుక కాలును, అవ్వలు వడదెబ్బ తినెదరు. 1990 మే నెలలో మచిలీపట్నము ప్రాంతమును పెద్ద తుఫాను కొట్టినది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానులు తరచుగా వచ్చును, విశాఖను హుద్‌హుద్ కొట్టినది 2014 అక్టోబరు 12న. పంట ఇంటికి వచ్చి, సంక్రాంతి జనము తగ్గిన తరువాత జనవరి చివర, ఫిబ్రవరి మొదట మాకు అన్నిటికంటె నచ్చినది. పిల్లలు రెండు దినములు బడి మానితే కొంప మునగదు. ఆదివారము మాత్రము ఒడ్డున ఉండకండి. ఆరాధన సంగతి అటుంచినను, ఆ దినము జనము ఎక్కువ, తప్పిపోయే పిల్లలు ఎక్కువ. బాపట్ల, చీరాలలో మందిరములకు కొదువ లేదు.

ఈ ఏడు పోలేనివారు కూడ మన సంఘములలో చాలామంది ఉన్నారు. వారి పిల్లలు సండేస్కూలులో గలిలయ సముద్రము కథ విని, అది ఉప్పునీరా అని అడుగుదురు. అది 21 కిలోమీటర్ల పొడవున్న మంచినీటి సరస్సు, మన జూరాల నీళ్ళవలె త్రాగదగినది. ఆ పిల్లలకు సద్దిమూట కట్టి ఒక సాయంకాలము బీచుపల్లి ఘాటుకు తీసికొని రండి. చలికాలములో నీరు తగ్గి బండలు బయటపడియుండును, పిల్లలు వాటిమీద గంటల తరబడి ఆడుదురు. వానకాలములో వచ్చినట్లయితే ముందు జూరాల సంగతి కనుగొనండి. గేట్లు ఎత్తినారని తెలిసిన దినమున పైమెట్ల మీదనే కూర్చొండి.